పెద్ద టైర్లు, మారిన కొలత: పికప్ వాహనాల పునఃక్రమాంకనం – వెలుగోడు ప్రాంత నేపథ్యం

వ్యాససంగ్రహం:

వాహనంలోని వేగమాపకం, దూరమాపకం దారిని నేరుగా కొలవవు. చక్రం లేదా దానిని తిప్పే షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కించి, ఆ లెక్కను ఒక్కో చుట్టుకు ఇంత దూరమని ముందే నిర్ణయించిన విలువతో గుణించి చూపుతాయి. టైరు పరిమాణం మారితే ఆ విలువ చెల్లదు. నంద్యాల జిల్లా వెలుగోడు వంటి ప్రాంతాల్లో రేగడి దారుల కోసం పికప్ వాహనాలకు పెద్ద టైర్లు అమర్చినప్పుడు వేగం, దూరం, బాడుగ, లాగుడు శక్తి, బ్రేకు పట్టు ఏ మేరకు మారుతాయో లెక్కలతో వివరించడం, ఆ మార్పును కొలిచి సరిచేసే పద్ధతులను, వాటి పరిమితులను, చట్టపరమైన హద్దులను తెలపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పునఃక్రమాంకనం, టైరు చుట్టుకొలత, వేగమాపకం, దూరమాపకం, వేగ నియంత్రకం, పికప్ వాహనం, బాడుగ, వెలుగోడు.

1. ప్రవేశిక:

వెలుగోడు నంద్యాల జిల్లాలో ఒక మండల కేంద్రం. ఒకవైపు నల్లమల అడవి, మరొకవైపు నల్లరేగడి పొలాలు, ఊరికి చేరువలో తెలుగుగంగ పథకంలో భాగమైన సమతుల్య జలాశయం ఈ ప్రాంతపు భౌగోళిక స్వరూపం. ఇక్కడి పంట పొలం నుంచి కల్లానికి, కల్లం నుంచి ఆత్మకూరు, నంద్యాల అంగళ్లకు చేరడంలో పికప్ వాహనాలది ప్రధానపాత్ర. ఒకే వాహనం ఒకే రోజున రేగడి బండ్లబాటలోను, కాలువ గట్టుమీదను, తారురోడ్డుపైనను తిరుగవలసి ఉంటుంది. వాన పడితే రేగడి మన్ను చక్రానికి అంటుకొని, వెనుక హౌసింగు నేలను తాకే పరిస్థితి ఏర్పడుతుంది. ఎత్తు పెరిగితే ఈ ఇబ్బంది తగ్గుతుందన్న ఆలోచనతో కొందరు యజమానులు కంపెనీ ఇచ్చిన టైర్ల స్థానంలో పెద్దవి వేయిస్తారు.

టైరు మార్చడం ఒక పూట పని. అయితే ఆ మార్పు వాహనంలోని కొలతల వ్యవస్థను తాకుతుందన్న విషయం అంతగా చర్చకు రాదు. యజమాని, డ్రైవరు, బాడుగకు మాట్లాడుకొన్న రైతు, దారిలో ఎదురయ్యే పాదచారి ఈ నలుగురిపైనా ఆ మార్పు ప్రభావం ఉంటుంది. అందుచేత దీనిని కేవలం మెకానిక్ వ్యవహారంగా కాక కొలమాన సమస్యగా పరిశీలించడం అవసరం.

2. చక్రంతో దూరాన్ని కొలవడం – పూర్వరంగం:

1830 మే 18న చెన్నపట్టణం నుంచి కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య అహోబిలం, మహానంది క్షేత్రాలను దర్శించి ఆత్మకూరు మీదుగా శ్రీశైలం చేరారు. వెలుగోడు పరిసరాల గుండా సాగిన ఈ ప్రయాణాన్ని నమోదు చేసిన ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’లో దూరాలు ఆమడల్లో కనిపిస్తాయి. ఆమడ బాటసారుల అనుభవం నుంచి పుట్టిన కొలత. దారి కష్టాన్నిబట్టి, చెప్పేవారినిబట్టి అందులో హెచ్చుతగ్గులు సహజం.

చక్రాన్ని కొలసాధనంగా వాడటం దీనికి భిన్నమైన పద్ధతి. రోమన్ వాస్తుశాస్త్రకారుడు విట్రూవియస్ వర్ణించిన బండిలో చక్రం చుట్టుకొలత పన్నెండున్నర అడుగులు. అది 400 చుట్లు తిరిగితే 5000 అడుగులు, అంటే ఒక రోమన్ మైలు. మైలు పూర్తయిన ప్రతిసారీ ఒక గులకరాయి పాత్రలో పడుతుంది. భారతదేశంలో ఈస్టిండియా కంపెనీ కాలపు సర్వేయర్లు దారుల కొలతకు వాడిన పెరాంబులేటరు కూడా ఇటువంటి చక్రమే. ఈ సాధనాలన్నింటిలోను ఒక ఉమ్మడి షరతు ఉంది. చుట్ల లెక్క ఎంత కచ్చితమైనా, చక్రం చుట్టుకొలత ముందు అనుకొన్నంత ఉంటేనే దూరం సరిపోతుంది. విట్రూవియస్ బండికి పెద్ద చక్రం తగిలిస్తే గులకరాళ్లు తక్కువ పడతాయి. దారి మాత్రం తగ్గదు. నేటి పికప్ వాహనంలోని మీటరుకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

3. టైరు గోడపై అంకెలు – లెక్క:

టైరు గోడపై ఉండే ‘215/75 ఆర్ 15’ అనే గుర్తులో మూడు వివరాలున్నాయి. 215 అనేది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అనేది టైరు గోడ ఎత్తు వెడల్పులో ఎన్నో వంతో తెలిపే శాతం. 15 అనేది డిస్కు వ్యాసం, అంగుళాల్లో. ‘ఆర్’ అనే అక్షరం రేడియల్ నిర్మాణాన్ని సూచిస్తుంది. డిస్కు వ్యాసానికి రెండు గోడల ఎత్తును కలిపితే టైరు మొత్తం వ్యాసం వస్తుంది.

215/75 ఆర్ 15 టైరులో గోడ ఎత్తు 161.25 మి.మీ.; రెండు గోడలు 322.5 మి.మీ.; డిస్కు 381 మి.మీ.; మొత్తం వ్యాసం 703.5 మి.మీ. దాని స్థానంలో 235/75 ఆర్ 15 వేస్తే గోడ ఎత్తు 176.25 మి.మీ.; మొత్తం వ్యాసం 733.5 మి.మీ. రెండింటి నిష్పత్తి 1.0426. అంటే కొత్త టైరు ఒక్కో చుట్టుకు పాతదానికన్నా సుమారు 4.3 శాతం ఎక్కువ దూరం పోతుంది. కిలోమీటరుకు పాత టైరు సుమారు 452 చుట్లు తిరుగవలసి ఉండగా కొత్తది 434 చుట్లతో సరిపెడుతుంది.

ఇది కాగితంపై లెక్క. బరువు పడినప్పుడు టైరు అడుగుభాగం అణుగుతుంది కనుక, దొర్లే చుట్టుకొలత జ్యామితి చెప్పినదానికన్నా కొంత తక్కువ. అందుకే రేడియల్ టైర్ల విషయంలో వ్యాసాన్ని 3.14తో కాక సుమారు 3.05తో గుణించి దొర్లే చుట్టుకొలతను అంచనా వేస్తారు. రెండు టైర్లకూ ఇదే వర్తిస్తుంది కాబట్టి వాటి నిష్పత్తిలో చెప్పుకోదగిన తేడా రాదు. ఈ వ్యాసంలోని తరువాతి లెక్కలకు 1.0426 అనే ఈ నిష్పత్తే ఆధారం.

4. పరిమాణభేదం – ఫలితాలు:

4.1 వేగం: మీటరు 60 చూపుతున్నప్పుడు వాహనం పాత టైర్లతో పోయిన వేగానికన్నా 4.3 శాతం అధికంగా పోతుంది. పాత టైర్లతో మీటరు సరిగ్గా ఉన్నదనుకొంటే, 60 వద్ద అసలు వేగం 62.6 కి.మీ.; 80 వద్ద 83.4 కి.మీ. కేంద్రప్రభుత్వం 2018లో ప్రకటించిన గరిష్ఠ వేగాల ప్రకారం సరుకు వాహనాలకు నాలుగు వరుసల రహదారులపై 80, సాధారణ రహదారులపై 60 కి.మీ. హద్దు. డ్రైవరు మీటరును నమ్మి హద్దులోనే ఉన్నా వాహనం హద్దు దాటి ఉండవచ్చు. వేగ నియంత్రకం కూడా అదే షాఫ్టు సంకేతాన్ని గ్రహించేదైతే 80 వద్ద ఆపవలసిన యంత్రం 83 దాటే వరకు ఊరుకుంటుంది.

4.2 దూరం, బాడుగ: దూరమాపకం చూపిన ప్రతి 1000 కి.మీ.కి వాహనం నిజంగా 1043 కి.మీ. తిరిగి ఉంటుంది. మీటరు ప్రకారం బాడుగ తీసుకొనే యజమాని ఆ 43 కి.మీ. డీజిలు ఖర్చును తానే భరిస్తాడు. ఏడాదికి మీటరుపై 30,000 కి.మీ. నమోదైతే లెక్కకు రాని దూరం దాదాపు 1280 కి.మీ. అవుతుంది. ఇంజిన్ ఆయిలు, బ్రేకు లైనింగుల మార్పిడి గడువులు కూడా ఆ మేరకు ఆలస్యమవుతాయి. మైలేజీ తగ్గినట్లు కనిపించడం మరొక భ్రమ. మీటరు లెక్కతో లీటరుకు 12 కి.మీ. వచ్చిందంటే, నిజంగా వచ్చింది 12.5 కి.మీ. పెద్ద టైర్ల బరువు వల్ల మైలేజీ కొంత తగ్గే అవకాశం ఉన్నా, మీటరును సవరించనిదే అది ఎంతో తెలియదు.

దీనికి విలోమ పరిస్థితి కూడా గమనింపదగినది. గాడి లోతు 8 మి.మీ. నుంచి 2 మి.మీ.కు అరిగితే టైరు వ్యాసం 12 మి.మీ. తగ్గుతుంది, అంటే సుమారు 1.7 శాతం. అప్పుడు మీటరు అసలు దూరంకన్నా ఎక్కువ చూపుతుంది, నష్టం బాడుగ చెల్లించేవారిది. ఆటో, ట్యాక్సీ మీటర్లను తూనికలు కొలతల శాఖ తనిఖీ చేసి ముద్ర వేస్తుంది. సరుకు బండి దూరమాపకానికి అటువంటి ముద్ర లేదు. ఇరుపక్షాల నమ్మకమే దానికి ఆధారం కనుక, ఆ కొలత సరిగ్గా ఉండటం మరింత ముఖ్యం.

4.3 లాగుడు శక్తి: ఇంజిన్ నుంచి చక్రానికి చేరే తిప్పుడు బలం మారదు, కాని ఆ బలం నేలను తోసే బిందువు ఇరుసుకు దూరమవుతుంది. అందువల్ల ప్రతి గేరులోను నేలపై పడే తోపు సుమారు 4 శాతం తగ్గుతుంది. సమతలంలో ఇది పెద్దగా తెలియదు. నిండు బరువుతో నల్లమల ఘాటు ఎక్కేటప్పుడు మాత్రం డ్రైవరు ఒక గేరు ముందుగా దిగవలసి వస్తుంది, క్లచ్‌పై భారం పెరుగుతుంది.

4.4 బ్రేకు పట్టు: అన్నిటికన్నా తీవ్రమైనది ఇది. ఆగే దూరం వేగం వర్గానికి అనులోమంగా ఉంటుంది. మీటరుపై అదే 60 కనిపిస్తున్నా అసలు వేగం 4.3 శాతం పెరిగినందున వాహనంలోని గతిశక్తి 8.7 శాతం పెరుగుతుంది. మరోవైపు బ్రేకు డ్రమ్ము, డిస్కు ఇచ్చే నిరోధం మారకపోయినా, చక్రం వ్యాసార్థం పెరిగినందున నేలపై పడే ఆపుడు బలం 4 శాతం తగ్గుతుంది. ఈ రెండింటినీ కలిపితే, మీటరుపై అదే వేగం, పెడల్‌పై అదే ఒత్తిడి ఉన్నప్పుడు ఆగే దూరం నిష్పత్తి ఘనానికి సమానంగా, అంటే సుమారు 13 శాతం పెరుగుతుంది. 30 మీటర్లలో ఆగవలసిన వాహనం 34 మీటర్లు పోతుంది. టైరు 4 శాతమే పెరిగింది కదా అనే తేలికభావం ఇక్కడ చెల్లదు.

ఇంతటి మార్పుకు బదులుగా లభించే ఎత్తు ఎంత? వ్యాసంలో పెరిగిన 30 మి.మీ.లో సగం మాత్రమే ఇరుసు కిందికి చేరుతుంది. నేలకు, హౌసింగుకు మధ్య ఎడం పెరిగేది 15 మి.మీ.; ఒకటిన్నర సెంటీమీటరు. రేగడి దారిలో నిజంగా పనికివచ్చేది ఈ ఎత్తుకన్నా టైరు గాడుల తీరు, మన్నును విదిల్చుకొనే గుణం అన్నది ఈ లెక్కనుబట్టి స్పష్టమవుతుంది.

5. కొలిచే పద్ధతి:

సవరణకు ముందు కొలత తప్పనిసరి. అనేక దేశాలు అనుసరించే ఐక్యరాజ్యసమితి 39వ వాహన నిబంధన ప్రకారం వేగమాపకం అసలు వేగంకన్నా తక్కువ చూపరాదు. ఎక్కువ చూపడానికి మాత్రం అసలు వేగంలో పదోవంతుకు 4 కి.మీ. కలిపినంత వరకు వెసులుబాటు ఉంది. ఈ కారణంగా తయారీదారులు ముల్లును కొంత ముందుకే ఉంచుతారు. అటువంటి వాహనానికి కాస్త పెద్ద టైరు వేస్తే వేగమాపకం దాదాపు సరిపోవచ్చు. దూరమాపకంలో మాత్రం తప్పు దొర్లవచ్చు. కనుక రెండింటినీ వేర్వేరుగా పరీక్షించాలి.

మొదటిది, దొర్లింపు కొలత. టైర్లలో నిర్ణీత గాలి నింపి, రోజూ వేసే బరువులో సగమైనా ఎక్కించి, చదునైన సిమెంటు నేలపై టైరుకు, నేలకు సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. వాహనాన్ని తిన్నగా నెట్టి చక్రం పది చుట్లు తిరిగాక నేలపై మళ్లీ గుర్తు పెట్టి, టేపుతో కొలిచి పదితో భాగించాలి. మీటరు సంకేతం వెనుక ఇరుసుకు పోయే షాఫ్టు నుంచి వచ్చేదైతే వెనుక చక్రాన్నే కొలవాలి.

రెండవది, కిలోమీటరు రాళ్ల పరీక్ష. వెలుగోడు నుంచి ఆత్మకూరు వైపో నంద్యాల వైపో పోయే దారిలో రాయి నుంచి రాయికి దూరమాపకాన్ని పోల్చవచ్చు. రోడ్డు విస్తరణలో రాళ్లు స్థానం తప్పే అవకాశం ఉన్నందున ఒకటి రెండు రాళ్లతో సరిపెట్టక 20 కి.మీ. వరకు చూడటం మేలు. 20 కి.మీ.కి మీటరు 19.2 చూపితే సవరణ గుణకం 20ని 19.2తో భాగించగా వచ్చే 1.042.

మూడవది, కాలంతో పరీక్ష. తిన్నని దారిలో ముల్లును 60 వద్ద నిలకడగా ఉంచి, కిలోమీటరు దాటడానికి పట్టే సెకన్లను పక్క సీటులోని వ్యక్తి లెక్కించాలి. మీటరు సరైనదైతే 60 సెకన్లు పడుతుంది; 57.5 సెకన్లే పడితే అసలు వేగం 62.6 కి.మీ. అని అర్థం. సెల్‌ఫోన్‌లోని ఉపగ్రహ ఆధారిత వేగంతో కూడా పోల్చవచ్చు. అయితే కొండమలుపుల్లో, వేగం మారుతున్నప్పుడు ఆ విలువ వెనుకబడుతుంది కనుక చదునైన దారిలో నిలకడ వేగంతోనే చూడాలి.

6. సరిచేసే పద్ధతులు:

6.1 కేబుల్ మీటర్లు: పాత వాహనాల్లో గేరుబాక్సు చివరనున్న చిన్న పళ్లచక్రం కేబుల్‌ను, కేబుల్ ముల్లును తిప్పుతాయి. టైరు పెద్దదైతే అదే వేగానికి షాఫ్టు నెమ్మదిగా తిరుగుతుంది. కేబుల్‌ను వేగంగా తిప్పాలంటే దాని పళ్లచక్రానికి పళ్లు తక్కువుండాలి. పాతదానికి 20 పళ్లున్నాయనుకొంటే, కావలసినది 20ని 1.0426తో భాగించిన 19.18. పళ్లు పూర్ణసంఖ్యలోనే ఉంటాయి కాబట్టి 19 పళ్లది ఎంచుకోవాలి. అప్పుడు మీటరు దాదాపు 1 శాతం ఎక్కువ చూపుతుంది. మిగిలే తప్పు తక్కువ చూపే వైపు కాక ఎక్కువ చూపే వైపు ఉండటం భద్రతకు అనుకూలం.

6.2 ఎలక్ట్రానిక్ మీటర్లు: ఇటీవలి వాహనాల్లో సెన్సారు ఒక్కో చుట్టుకు కొన్ని విద్యుత్ స్పందనలను పంపుతుంది. కిలోమీటరుకు ఎన్ని స్పందనలన్నది నియంత్రణ యూనిట్‌లో నమోదై ఉంటుంది. ఆ సంఖ్యను లేదా టైరు చుట్టుకొలత విలువను అధీకృత సర్వీసు కేంద్రంలో పరీక్షాయంత్రంతో మార్చడం సరైన పద్ధతి. అన్ని నమూనాల్లోను ఈ సౌకర్యం ఉండకపోవచ్చు కనుక టైర్లు కొనే ముందే విచారించుకోవాలి. వేగ నియంత్రకం ముద్రను మాత్రం అధీకృత వ్యక్తులు తప్ప ఇతరులు తాకరాదు.

6.3 మీటరుతో సరిపడనివి: క్రమాంకనం తరువాత మీటరుపై 60 అంటే నిజంగా 60. అందువల్ల వేగం పెరుగుదల వల్ల కలిగిన అదనపు ఆగే దూరం పోతుంది. అయితే చక్రం వ్యాసార్థం వల్ల తగ్గిన ఆపుడు బలం అలాగే ఉంటుంది. 4 శాతం తేడా మిగిలే ఉంటుంది. లాగుడు శక్తి కూడా తిరిగి రాదు. వీటితోపాటు చక్రాల అమరికను సరిచూడటం, పెరిగిన ఎత్తుకు తగినట్లు హెడ్‌లైట్లను దించడం, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు, నిండు బరువుకు కమాన్ పట్టీలు కుంగినప్పుడు టైరు మడ్‌గార్డుకు రాసుకోకుండా ఉందో లేదో గమనించడం అవసరం.

ఖర్చు తగ్గించుకోవడానికి వెనుక రెండు టైర్లనే మార్చడం మరింత ప్రమాదకరం. చక్రాలు జారకుండా చూసే ఏబీఎస్ వ్యవస్థ నాలుగు చక్రాల తిరుగుడును ఒకదానితో ఒకటి పోల్చుకొంటుంది. ముందు వెనుక వ్యాసాలు వేరైతే ఆ పోలికే తప్పుతుంది. నాలుగు చక్రాలకూ శక్తి అందే వాహనాల్లో ఈ తేడా ట్రాన్స్‌ఫర్ కేసును బిగదీసి పాడుచేస్తుంది.

7. చట్టపరిధి:

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు భిన్నమయ్యేట్లు వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో కేరళకు చెందిన కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. అదే సంవత్సరపు సవరణతో చేరిన 182ఎ సెక్షన్ అనుమతిలేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు లేదా ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా లేదా రెండింటినీ విధించవచ్చునంటుంది. అందుచేత తయారీదారు అదే నమూనాకు ఆమోదించిన టైరు పరిమాణాల్లోనే ఎంచుకోవడం క్షేమకరం.

పెద్ద టైరు వేస్తే ఎక్కువ బరువు మోయవచ్చునన్నది మరొక అపోహ. టైరు గోడపై ఉండే బరువు సూచిక ఆ టైరు సామర్థ్యాన్ని మాత్రమే తెలుపుతుంది. సూచిక 100 అయితే ఒక్కో టైరు మోయగలది 800 కిలోలు. వాహనం మోయదగిన బరువును ఇరుసు, కమాన్ పట్టీలు, బ్రేకులు, చట్రం కలిసి నిర్ణయిస్తాయి. అది రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదై ఉంటుంది, టైరు మార్పుతో పెరగదు. పైగా 4.4లో చూపినట్లు బ్రేకు పట్టు తగ్గిన వాహనంపై అదనపు బరువు వేయడం ప్రమాదాన్ని రెట్టింపు చేస్తుంది.

8. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. మీటరు కొలిచేది దారిని కాదు, చక్రపు చుట్లను. చుట్టుకొలత మారిననాడే ఆ కొలతకు ఆధారం మారుతుంది.

2. 215/75 ఆర్ 15 నుంచి 235/75 ఆర్ 15కు మారితే వేగం, దూరంలో 4.3 శాతం తేడా వస్తుంది. మీటరుపై అదే వేగం వద్ద ఆగే దూరం దాదాపు 13 శాతం పెరుగుతుంది. లభించే ఎత్తు 15 మి.మీ. మాత్రమే.

3. సుద్దముక్క, టేపు, కిలోమీటరు రాళ్లు, గడియారంతో వెలుగోడు వంటి చోటనే ఎవరైనా ఈ తేడాను కొలవవచ్చు. కొలవకుండా సవరించడం మరొక తప్పుకు దారితీస్తుంది.

4. పునఃక్రమాంకనం మీటరును సరిచేస్తుందే గాని బ్రేకును, లాగుడు శక్తిని యథాస్థితికి తేలేదు. ఆ లోటును డ్రైవరు ముందు వాహనానికి ఎక్కువ ఎడం పాటించడం ద్వారా, యజమాని బరువు హద్దును పాటించడం ద్వారా పూడ్చుకోవాలి.

5. సవరణ పూర్తయ్యేవరకు బాడుగ లెక్కల్లో మీటరు చూపిన దూరాన్ని సవరణ గుణకంతో గుణించి, ఆ సంగతి ఇరుపక్షాలకూ ముందే తెలిపి, సవరణ తేదీని, ఆనాటి మీటరు అంకెను వాహన పత్రాలతోపాటు రాసి ఉంచడం న్యాయం. వాహనాన్ని తరువాత కొనేవారికి కూడా ఆ నమోదు ఉపకరిస్తుంది.